గోక్కోని కుక్క

ఓరుగంటి పద్మనాభంగారు తూనికలు కొలతల శాఖలో పనిచేసినంత కాలం కాకినాడ బజారులో త్రాసు పట్టుకున్న ప్రతివాడికీ ఆయనంటే హడల్. ముద్ర లేని రాయి అసలు రాయే కాదని ఆయన సిద్ధాంతం. కిలో రాయి సరిగ్గా కిలో తూగినా సరే, ముద్ర లేకపోతే అది కిలో కాదు. ముద్ర ఉండి కాస్త తక్కువ తూగితే మాత్రం అది నిక్షేపంలాంటి కిలో, లోపం చూసినవాడి కళ్లలో ఉంది. ఈ సిద్ధాంతంతో ఉద్యోగమంతా నెట్టుకొచ్చి, శాలువా కప్పించుకుని ఇంటికి చేరాక, ముద్ర వెయ్యడానికి ఇంట్లో ఏమీ దొరక్క ఆయన చాలా అవస్థ పడ్డారు. పాలవాడి లీటరు చెంబునీ, వంటింట్లో బియ్యం డబ్బానీ పట్టుకుని ఆయన చేసే రభస భరించలేక భార్య శ్యామల ఒక కుక్కపిల్లను తెచ్చుకుందామంది.

సామర్లకోట రోడ్డులో కుక్కల్ని పెంచి అమ్మే నల్లమిల్లి సూరిబాబు దగ్గర లాబ్రడార్ పిల్లను తెచ్చారు. జూలీ అని పేరు పెట్టారు.

జూలీ రాకతో ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ లాభపడింది పద్మనాభంగారి అత్తగారు వర్ధనమ్మగారు. ఆవిడ పాతకాలం మనిషి. అల్లుడితో ఎదురుపడి మాట్లాడే అలవాటు లేదు. చెప్పదలచుకున్నది తలుపుకో, గోడకో చెప్పేవారు, అల్లుడు విని తెలుసుకోవాలి. గోడకంటే జూలీ నయం, తోకైనా ఊపుతుంది. "జూలమ్మా, కాఫీ చల్లారిపోతోందని మీ అయ్యగారికి చెప్పవే," అనేవారు. "జూలీ, వస్తున్నానని అత్తయ్యగారికి చెప్పు," అనేవారు ఆయన. అత్తా అల్లుళ్లు అంతగా మాట్లాడుకోవడం ఆ ఇంట్లో అంతకుముందెన్నడూ లేదు.

ఒకటే చిక్కు. వర్ధనమ్మగారికి మడి ఉంది. కుక్క హాల్లోకి రావాలంటే స్నానం చేసి రావాలి. ఇది న్యాయంగానే తోచింది పద్మనాభంగారికి. రోజూ తెల్లవారుజామునే జూలీని పెరట్లో కుళాయి కింద నిలబెట్టి, తన గంధం సబ్బుతోనే నురుగు తేలేలా తోమి, చన్నీళ్లతో కడిగేవారు. ఆ తర్వాత తాను చేసేవారు. ఇద్దరూ ఒకే వాసనతో హాల్లోకి వచ్చేవారు.

కొన్నాళ్లకు జూలీ గోక్కోవడం మొదలుపెట్టింది. ముందు చెవి, తర్వాత పొట్ట, ఆ తర్వాత ఎక్కడపడితే అక్కడ. వీపు మీద బొచ్చు ఊడి, చర్మం పొట్టుపొట్టుగా రాలసాగింది. దురద మురికి వల్ల వస్తుందనుకుని పద్మనాభంగారు సబ్బు ఇంకాస్త గట్టిగా రుద్దారు. అది ఇంకాస్త గట్టిగా గోక్కుంది.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ వసుంధర చూసి, "రోజూ స్నానం మాన్పించండి. మనుషుల సబ్బు అసలు వాడకండి. తగ్గిపోతుంది," అంది.

"మందు?" అన్నారు పద్మనాభంగారు.

"అక్కర్లేదండీ."

ఆయనకు మనసు చివుక్కుమంది. ఇంత పెద్ద జబ్బుకి నోరు తిరగని పేరు లేదు, మందు చీటీ లేదు, కనీసం ఒక సూదిమందు లేదు. చేస్తున్న పని మానెయ్యడం కూడా ఒక వైద్యమేనా? పైగా స్నానం మాన్పిస్తే జూలీ హాల్లోకి రాదు, అది రాకపోతే అత్తగారు మళ్లీ గోడతో మొదలెడతారు. ఇంటికొచ్చేసరికి ఆయనకు అసలు సంగతి బోధపడింది. తప్పు పుట్టుకలో ఉంది. అంటే సూరిబాబులో ఉంది.

మర్నాడే వెళ్లి నిలదీశారు. "ఆయ్, అదేంటండి బాబూ," అన్నాడు సూరిబాబు, "దీని తోడబుట్టినోళ్లు ఊరంతా ఉన్నారండి. ఒక్కటీ గోక్కోట్లేదండి. ఏం పెడతన్నారండి దీనికి?"

"నేనేం పెడుతున్నానన్నది తర్వాత. నీకు గుర్తింపు ఉందా? ముద్ర ఉందా?"

"కుక్కలకి ముద్రేంటండి?"

ఆ మాటతో పద్మనాభంగారి రిటైర్మెంటు ముగిసిపోయింది. ముద్ర లేకుండా కుక్కలు పుట్టేస్తున్నాయి! బజారులో వేరుశనక్కాయలు తూచేవాడికి ఉన్న కట్టుబాటు కుక్కల్ని పుట్టించేవాడికి లేదు. ఆ సాయంత్రమే పత్రికకు లేఖ రాశారు. పత్రికవాళ్లు ఆయన ఫోటోతో వేశారు, జూలీది కూడా వేశారు. జూలీ ఫోటోయే బాగా వచ్చింది.

ఇక ఊళ్లో అదే చర్చ. టౌన్‌హాల్లో సభ పెట్టారు. కుక్కల పెంపకందారులకు గుర్తింపు ఉండితీరాలని కొందరు, గుర్తింపు కుక్కకే ఇవ్వాలని కొందరు గొంతులు చించుకున్నారు. సూరిబాబు లేచి, "మనుషులు పిల్లల్ని కంటానికి ఎవరి గుర్తింపూ అక్కర్లేదు గదండి," అన్నాడు. అది కూడా ఆలోచించవలసిన విషయమేనని వేదిక మీద ఒకాయన రాసుకున్నాడు. తరవాత ప్రభుత్వం శునక ప్రజనన గుర్తింపు మండలి అనే దాన్ని నెలకొల్పింది. దానికి పురుషోత్తం అనే ప్రత్యేకాధికారిని వేసి, పద్మనాభంగారిని కన్వీనరు చేసింది. కుక్కల గురించి తెలిసిన మనిషి ఒకరుండాలి కాబట్టి డాక్టర్ వసుంధరను ఓటు హక్కు లేని ఆహ్వానితురాలిగా పిలిచారు.

మొదటి సమావేశంలో ప్రమాణాల మాట వచ్చింది. మంచి పెంపకందారు ఎవరు?

"కుక్కల చర్మం బాగుండాలి, బొచ్చు నిగనిగలాడాలి," అంది వసుంధర. "చేత్తో తడిమి చూస్తే తెలిసిపోతుందండీ."

పురుషోత్తంగారు కళ్లజోడు సవరించుకున్నారు. "తడమడం అనునది వ్యక్తిగత అభిప్రాయం కిందికి వస్తుంది డాక్టరుగారూ. మండలి అభిప్రాయముల మీద నడవజాలదు. కొలతకు లొంగునట్టిది ఏదైనా సెలవియ్యండి."

అందరూ పద్మనాభంగారి వైపు చూశారు. కొలతల మాట వస్తే చూడవలసింది ఆయనవైపే. ఆయన గొంతు సవరించుకుని, తన ఇంటి పద్ధతి చెప్పారు. స్నానం కొలతకు లొంగుతుంది. చేయించారా లేదా, అంతే. సూర్యోదయానికి ముందు, చన్నీళ్లతో, నురుగు తేలేలా. ఆ విధంగా వర్ధనమ్మగారి మడి రాష్ట్ర ప్రభుత్వ నిబంధనల్లోకి ఎక్కింది.

"అసలు చర్మం పాడయ్యేదే దానివల్ల," అంది వసుంధర.

"ఆహ్వానితురాలి అభిప్రాయం వినడమైనది," అన్నారు పురుషోత్తంగారు.

నిబంధనలకు ముందు నిర్వచనాలుండాలి కదా. అదీ పద్మనాభంగారే రాశారు. 'కుక్క' అనగా ప్రతిదినము స్నానము పొందునట్టి, మొరుగునట్టి చతుష్పాద జంతువు. స్నానం పొందని కుక్క సంగతేమిటని వసుంధర అడిగితే, అది మండలి పరిధిలోకి రాదని పురుషోత్తంగారు తేల్చేశారు. ముసాయిదా మొత్తం ఆ సాయంత్రం ఇంట్లో జూలీకి చదివి వినిపించారు పద్మనాభంగారు. జూలీ గోక్కుంటూ విన్నది. తలుపు చాటున వర్ధనమ్మగారు కూడా విన్నారు.

నిబంధనలు రాగానే జిల్లా అంతా తెల్లవారుజామునే బకెట్ల చప్పుడు. తనిఖీదారులు వేకువనే సైకిళ్ల మీద వచ్చి, నురుగు చూసి, తడిసిన కుక్క మెడలో మండలి ముద్ర ఉన్న ఇత్తడి బిళ్ల వేసిపోయేవారు. ఆ బిళ్లను చూసినప్పుడల్లా పద్మనాభంగారి ఛాతీ ఉప్పొంగేది.

నెల తిరక్కుండానే బిళ్ల ఉన్న ప్రతి కుక్కా గోక్కోవడం మొదలుపెట్టింది. సూరిబాబు లబోదిబోమంటూ వచ్చాడు. "మొదట్లో బానే ఉన్నాయండి. ఇప్పుడు పొద్దస్తమానం బరబరా గోక్కుంటన్నాయండి, ఆయ్. బొచ్చంతా ఊడిపోతందండి."

"చూశావా!" అన్నారు పద్మనాభంగారు విజయగర్వంతో. "నీ కుక్కల్లో ఉన్న దోషం ఇన్నాళ్లకు బయటపడింది. ఇదంతా గుర్తింపు మహిమ."

అయితే బిళ్లలు వేసినచోట మాత్రమే దోషం బయటపడటం మండలికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. వీధికుక్కలు నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. మళ్లీ సమావేశం పెట్టారు. పురుషోత్తంగారు చాలాసేపు కళ్లు మూసుకుని, ఆ పైన ఇలా సెలవిచ్చారు.

"సమగ్రముగా పర్యాలోచించిన మీదట తేలినదేమనగా, గుర్తింపు పొందిన ప్రతి కుక్కా గోక్కొనుచున్నది. గుర్తింపు లేనిది గోక్కొనుట లేదు. కావున గోకుడు అనునది లోపము కాదు, గుర్తింపు లక్షణము. ఇకమీదట గోకుడునే ప్రామాణ్యముగా స్వీకరించవలెను. గోక్కొనని కుక్కలు ప్రామాణీకరణ శిబిరమునకు తరలింపబడును. అచట రోజుకు రెండు స్నానములు."

సభ్యులు బల్లలు చరిచారు. పద్మనాభంగారు అందరికంటే గట్టిగా చరిచారు. ఎంతో తేలిక మార్గం! కొలవడానికి నురుగు కూడా అక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. తన జూలీ మండలి పుట్టకముందే గోక్కుంటోందని, ఆ లెక్కన అది జిల్లాలో మొట్టమొదటి ప్రామాణిక కుక్క అని తలచుకుని ఆయనకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత కుక్కను కొనేవాళ్లు ముందు అడిగేది, "గోక్కుంటోందా?" అని. సాయంత్రం పార్కులో గొలుసులు పట్టుకుని తిరిగే ఆడవాళ్లు ఒకరి కుక్కను ఒకరు ఓరగా చూసేవారు. "మీది గోక్కోదా? అయ్యో పాపం!" అనేవారు. అంత గిరాకీ ఉన్నచోట కల్తీ ఊరుకుంటుందా? స్నానాలు చేయించే ఓపిక లేని వాళ్లు దూలగొండి కాయల నూగు తెచ్చి కుక్కల వీపున రాశారు. కుక్కలు గంతులేసి గోక్కున్నాయి, రాసినవాళ్లూ గోక్కున్నారు. అప్పుడు మండలి అసలు గోకుడునూ దూలగొండి గోకుడునూ వేరుచేసే నిపుణులను నియమించింది. అసలు గోకుడులో ఒక నిదానం, ఒక లయ ఉంటాయని వాళ్లకు పద్మనాభంగారే జూలీని చూపించి పాఠం చెప్పారు.

ఆయన పేరు విజయవాడ దాకా పాకింది. తక్కిన జిల్లాల అధికారులకు శిక్షణ ఇవ్వడానికి రమ్మంటే మూడు వారాలపాటు వెళ్లారు. అక్కడ కుక్క లేకపోవడంతో ఎలా గోక్కోవాలో తనమీదే చూపించారు.

తిరిగొచ్చి గేటు తియ్యగానే జూలీ దూకి ఆయన భుజాల మీద కాళ్లు వేసింది. ఆయన దాన్ని తడిమారు. తడమడం వ్యక్తిగత అభిప్రాయమన్న మాట ఆ క్షణంలో గుర్తు రాలేదు. వీపు మీద పట్టుకుచ్చులా కొత్త బొచ్చు. చర్మం మీద ఒక్క పొట్టు లేదు. ఎంతసేపు చూసినా అది గోక్కోలేదు. ఆయనకు ముందు ఆనందం, వెంటనే గుండెల్లో రాయి.

"జూలీ, నీకు మందేం వేశారో అత్తయ్యగారిని అడుగు," అన్నారు.

"మందూ లేదు మాకూ లేదని చెప్పవే జూలమ్మా," అన్నారు వర్ధనమ్మగారు లోపలినుంచి. "నిన్ను తోమే ఓపిక ఇక్కడెవరికుంది? నువ్వు రాకపోతే నాకు పొద్దుపోదాయె. నాలుగు చుక్కలు పసుపునీళ్లు చల్లి లోపలికి రమ్మన్నానని చెప్పు. ఆపద్ధర్మం. ఏ పాపం ఉంటే అది నాదేనని కూడా చెప్పు."

పద్మనాభంగారు అరుగు మీద కూలబడ్డారు. అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. రోజూ తెల్లవారుజామున లేచి, ఎంతో ప్రేమగా, సొంత చేతులతో, తన కుక్క చర్మం తానే వలిచారు. ఆ చేతులతోనే నిబంధనలు రాశారు. జిల్లా అంతా ఇప్పుడు తన అత్తగారి మడికోసం గోక్కుంటోంది.

చాటుగా వసుంధర దగ్గరికి వెళ్లి సంగతి చెప్పారు.

"మొదటి రోజే చెప్పాను కదండీ," అంది ఆమె.

"చెప్పారు. కానీ మందు రాయలేదు కదమ్మా! రాసుంటే నమ్మేవాణ్ణి."

"మండలిలో చెప్పండి, అన్నీ బాగుపడతాయి."

చెబుదామనే అనుకున్నారు. కానీ కన్వీనరు అన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఇవాళ కాదు రేపు అని వాయిదా వేస్తుండగానే పురుషోత్తంగారు వార్షికోత్సవం ప్రకటించారు. కన్వీనరుగారి కుక్కకే మొదటి బంగారు బిళ్ల. మహాసభలో, అందరి ఎదుటా, గోకుడు ప్రదర్శన అనంతరం.

ఉత్సవం నాటి ఉదయం పద్మనాభంగారు బకెట్టు నింపి గంధం సబ్బు తీశారు. ఒక్కసారి గట్టిగా తోమితే సాయంత్రానికి కాస్తయినా దురద పుట్టకపోదు. పరువు దక్కుతుంది. బకెట్టు చప్పుడు వినగానే జూలీ వెళ్లి వర్ధనమ్మగారి కుర్చీ వెనక దాక్కుంది. తల మాత్రం బయటపెట్టి ఆయన్నే చూసింది. తోక ఊపాలా వద్దా అని ఊపీ ఊపకుండా ఊపింది.

"జూలమ్మా, నీ బొచ్చు ఇప్పుడిప్పుడే వచ్చిందని మీ అయ్యగారికి చెప్పవే," అన్నారు వర్ధనమ్మగారు, మెల్లిగా.

ఆయన ఆ నీళ్లు క్రోటన్ మొక్కకు పోశారు. సిగ్గుతో మొహం కడుక్కుని, జూలీ గొలుసు పట్టుకుని బయల్దేరారు.

మైదానం నిండా కుక్కలు, వాటి యజమానులు. ఎటు చూసినా బరబరమని గోకుడు. వేదిక మీద జూలీ కుదురుగా కూర్చుని, నాలుక బయటపెట్టి, సభనంతా ప్రేమగా చూసింది. పురుషోత్తంగారు బంగారు బిళ్ల చేతిలో పట్టుకుని వేచి ఉన్నారు. సభ వేచి ఉంది. జూలీ ఆవలించింది.

"కన్వీనరుగారూ," అన్నారు పురుషోత్తంగారు నవ్వు చెదరకుండా, "కొంచెం గోక్కోమనండి."

"దానికి దురద లేదండీ."

ముందు వరసలోంచి సూరిబాబు లేచాడు. "అయ్యగారూ, నా దగ్గర దూలగొండి ఉందండి. కాస్త రాయమంటారా? ఏం అనుకోకండి, సాయంగానే అడుగుతన్నానండి."

పురుషోత్తంగారి మొహం కందగడ్డయింది. "నిబంధన నిబంధనే. ఈ శునకమును తక్షణం ప్రామాణీకరణ శిబిరమునకు తరలించవలసినది," అన్నారు. ఇద్దరు మనుషులు వచ్చి జూలీ గొలుసు అందుకోబోయారు. రోజుకు రెండు స్నానాలు, గోక్కునేదాకా. జూలీ వచ్చినవాళ్లకు కూడా తోక ఊపింది.

అది చూసి పద్మనాభంగారికి ఆవేశం తన్నుకొచ్చింది. గొలుసు రెండు చేతులా పట్టుకుని మైకు ముందుకు వెళ్లారు. "స్నానాలు మానెయ్యండి!" అని అరిచారు. "మా ఇంట్లో మానేశాం, తగ్గిపోయింది. తప్పు కుక్కలది కాదు, సూరిబాబుది కాదు. నాది. మా అత్తగారి మడికి నేను ముద్ర కొట్టాను."

సభ నిశ్శబ్దమైపోయింది, గోకుడు తప్ప.

"కన్వీనరుగారి మాటలు వ్యక్తిగత అభిప్రాయముగా నమోదు చేయడమైనది," అన్నారు పురుషోత్తంగారు. "శునకమును తరలించండి."

నిజం పనిచెయ్యలేదు. పద్మనాభంగారికి మిగిలింది ఒక్కటే, జన్మంతా చేసిన పని. "ఆగండి," అన్నారు, బజారులో త్రాసు ఎత్తినప్పటి గొంతుతో. "మన నిర్వచనం ప్రకారం కుక్క అనగా ప్రతిదినం స్నానం పొందే జంతువు. ఇది స్నానం చేసి వారాలు దాటింది. కాబట్టి ఇది కుక్క కాదు. కుక్క కానిదాన్ని శునక మండలి ఏ అధికారంతో తీసుకుపోతుంది?"

పురుషోత్తంగారు నిబంధనలు తెప్పించి, చదివి, పక్కవాళ్లతో గుసగుసలాడి, చెమట తుడుచుకున్నారు. నిజాన్ని తోసిపుచ్చగలరు గాని నిర్వచనాన్ని ఎలా తోసిపుచ్చుతారు? "సదరు జంతువు కుక్క కాదని మండలి ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నది," అని ప్రకటించారు. "కుక్క లేని వ్యక్తి కన్వీనరుగా కొనసాగుటకు కూడ వీలులేదు."

ఉన్నట్టుండి సూరిబాబు మొహం వెలిగిపోయింది. "అయితే రేపట్నించి మా కాడ కుక్కల్లేవండి, ఆయ్! ఒక్కటంటే ఒక్కటి లేదండి!"

వారం తిరిగేసరికి జిల్లాలో కుక్కే లేదు. ఉన్నవన్నీ బొచ్చు పెంచుకుంటూ, మొరుగుతూ, నిర్వచనానికి అందకుండా తిరిగాయి. జిల్లాలో గోక్కునే కుక్కల సంఖ్య సున్నాకు తగ్గించినందుకు పురుషోత్తంగారికి ప్రశంసాపత్రం వచ్చింది.

అది తర్వాతి మాట. ఆ రోజు సాయంత్రం మాత్రం పద్మనాభంగారు పదవి లేకుండా, జూలీతో నడిచి ఇల్లు చేరారు. ఆటోవాళ్లు కుక్కల్ని ఎక్కించుకోం అన్నారు, ఇది కుక్క కాదని ప్రభుత్వమే చెప్పిందంటే వినలేదు. దారంతా ఆయన వీపు గోక్కుంటూనే ఉన్నారు. సభలో ఎవరి కుక్కకు రాసిన దూలగొండో తగిలినట్టుంది.

వర్ధనమ్మగారు గుమ్మంలోనే ఎదురుచూస్తున్నారు. వీధి చివర్నుంచే జూలీ కనబడిందేమో, ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"వచ్చావా తల్లీ, రావే లోపలికి," అన్నారు. జూలీ దుమ్ముకాళ్లతో నేరుగా హాల్లోకి పోయింది. వెనకాలే పద్మనాభంగారు గడప మీద కాలు పెట్టబోయారు.

"జూలమ్మా, మీ అయ్యగారిని అక్కడే ఆగమను. ఊళ్లో కుక్కలన్నిటినీ ముట్టుకుని వచ్చారు. స్నానం చేసి రమ్మనవే."

ఆయన పెరట్లోకి వెళ్లి కుళాయి కింద కూర్చున్నారు. గంధం సబ్బు తీశారు. నీళ్లు వీపున పడగానే వణుకొచ్చింది.

"జూలీ," అని కేకేశారు, "ఒక చెంబుడు వేణ్నీళ్లు పంపించమని అత్తయ్యగారికి చెప్పు."

కాసేపటికి లోపలినుంచి జవాబు వచ్చింది.

"నిబంధనల్లో చన్నీళ్లనే ఉందని మీ అయ్యగారికి చెప్పవే, జూలమ్మా."